సర్కారు బడిలో ముందుకు ఉరికే పిల్లలు: గుర్తించడం, సమయం తీయడం, పని పెట్టడం

వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్ వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో "తెలివైన పిల్లల కోసం ఏం చేస్తున్నారు సార్?" అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఎన్ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష) కోచింగ్. మంచిదే. కాని అది ఎనిమిదో తరగతిలో, పరీక్ష ముందు రెండు నెలలు, అప్పటికే మార్కులు వస్తున్న పది పన్నెండు మందికి జరిగే పని. ఆరో తరగతిలో సార్ బోర్డు మీద లెక్క పూర్తి చేయకముందే జవాబు పట్టేసి, మిగతా అరగంట పెన్ను మూత కొరుక్కుంటూ కూర్చునే పిల్లకు ఆ కోచింగ్‌తో సంబంధం లేదు. ఆ పిల్లకు బడి చేయగల మొదటి మేలు ఆ అరగంటను తిరిగి ఇవ్వడం. దాన్ని ఎట్లా తీయాలి, తీసి ఎందులో పెట్టాలి అన్నదే ఇక్కడ విషయం.

దీనికి వేరే సెక్షన్, వేరే టీచరు పోస్టు మన హైస్కూళ్లలో లేవు. జాతీయ విద్యా విధానం 2020 మాత్రం ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలకు పాఠ్యపుస్తకాన్ని మించిన సామగ్రి ఇవ్వాలని, బడి, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం), జిల్లా స్థాయుల్లో అంశాలవారీ క్లబ్బులు, ప్రాజెక్టు క్లబ్బులు ఉండాలని చెప్పింది. "ఇది మన పనేనా?" అని స్టాఫ్ రూములో ఎవరైనా అంటే చూపించడానికి అది చాలు. కావలసిన మనుషులు ముగ్గురు: ఒప్పుకునే హెచ్ఎం, ఒక గణితం టీచరు, సైన్సో సోషలో తెలుగో చెప్పే మరొకరు. స్టాఫ్ మీటింగులో తీర్మానంగా రాసి సంతకాలు పెట్టించండి. నోటిమాటగా మొదలైన పని ఆ టీచరు బదిలీతోనే ఆగిపోతుంది.

ఎప్పుడు, ఎవరితో

6, 7 తరగతులతో మొదలుపెట్టండి. ఎనిమిదికి వచ్చేసరికి చురుకైన పిల్లల్లో చాలామంది "చేతులెత్తితే సార్ ఆపమంటడు" అని నేర్చుకుని చేతులెత్తడం మానేసి ఉంటారు. గుర్తించే పని జూలై చివరి వారం నుంచి ఆగస్టు లోపల అయిపోవాలి. అక్టోబరులో పత్తి ఏరడం మొదలైందంటే హాజరు పడిపోతుంది. దసరా తర్వాత పరీక్ష పెడితే చెల్కల్లోకి పోయిన పిల్లలు జాబితాలోకే రారు. ఆ రోజు రాని పిల్లలకు వారం లోపల మళ్లీ పెట్టడం తప్పనిసరి.

గుర్తించడం

మార్కుల రిజిస్టరుతో మొదలుపెడితే పని అక్కడే చెడుతుంది. ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) పేపరు తరగతి మొత్తానికి సరిపోయేలా తయారవుతుంది. అందులో 20కి 19, 20 వచ్చిన ఎనిమిది మందిలో ఎవరు ఆ తరగతి స్థాయిలోనే ఉన్నారో, ఎవరు రెండేళ్లు ముందున్నారో ఆ పేపరు చెప్పలేదు. పై తరగతి ప్రశ్న ఇస్తేనే తేడా బయటపడుతుంది. రెండో కారణం ఇంకా పెద్దది. మార్కుల్లో చేతిరాత ఉంటుంది, ట్యూషన్ ఉంటుంది, హాజరు ఉంటుంది, ఇంట్లో మాట్లాడే భాష కూడా ఉంటుంది. లంబాడా తండా నుంచి వచ్చిన పిల్లకు, ములుగు, ఏటూరునాగారం వైపు కోయ ఇళ్ల పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లిషు మీడియం మూడోది. లెక్క తెలిసినా ప్రశ్న అర్థంకాక మార్కు పోతుంది.

అందుకని నాలుగు వైపుల నుంచి చూడాలి.

మొదటిది, తరగతిలో ప్రతి ఒక్కరికీ ఒక పరీక్ష. టీచర్లు పేర్లిచ్చిన వాళ్లకే పెడితే టీచర్ల కంట పడనివాళ్లు మళ్లీ పడకుండానే పోతారు. 12 ప్రశ్నలు, 40 నిమిషాలు. ఆరు బొమ్మల వరుసలు (తర్వాత వచ్చే బొమ్మ ఏది, ఏది చేరనిది), నాలుగు పై తరగతి లెక్కలు, రెండు తెరిచి ఉన్న ప్రశ్నలు (జవాబు కన్నా ఆలోచించిన తీరు చూసేవి). బొమ్మల ప్రశ్నల్లో మాటలు దాదాపు ఉండవు కాబట్టి భాష అడ్డం రాదు. మిగతావి బోర్డు మీద రాసి తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి చదివి వినిపించండి. జవాబు ఏ భాషలో రాసినా, బొమ్మ గీసినా మార్కు ఇవ్వండి. బొమ్మల ప్రశ్నలు సొంతంగా తయారు చేసుకోండి. రేవెన్స్ మాట్రిసెస్ లాంటి ప్రామాణిక పరీక్షల్ని జిరాక్సు తీసి పెట్టి, పిల్లల పేర్ల పక్కన ఐక్యూ అంకెలు రాయడం తప్పు. అవి శిక్షణ పొందినవాళ్లు ఇచ్చి, వయసు పట్టికలతో చూడవలసినవి.

తెరిచి ఉన్న ప్రశ్నను దిద్దడం ఎట్లాగో ఒకటి చూద్దాం. "నోటు పుస్తకానికి 1 నుంచి 100 దాకా పేజీ నంబర్లు వేస్తే 7 అనే అంకె ఎన్నిసార్లు రాయాల్సి వస్తుంది?" జవాబు 20: ఒకట్ల స్థానంలో 10, పదుల స్థానంలో 10. చాలామంది 10 అంటారు, 70ల వరస మరిచిపోతారు. కొందరు 11 అంటారు, 77 గుర్తొచ్చి ఆగుతారు. కొద్దిమంది 19 రాస్తారు. కీ చూసి దిద్దితే 19 తప్పు. పిల్లను పిలిచి అడిగితే "77 ఒక్క పేజీనే గద సార్, రెండుసార్లు ఎట్ల లెక్కపెడ్త?" అంటుంది. 7 ఉన్న పేజీలెన్నో ఆ పిల్ల సరిగ్గానే లెక్కపెట్టింది, అడిగింది అంకెల గురించి. వెంటనే "అయితే అంకెలు 20, పేజీలు 19" అని తనే తేల్చిందంటే, 20 అని రాసి ఎట్లా వచ్చిందో చెప్పలేని పిల్లాడికన్నా ముందుంది. అందుకే తెరిచి ఉన్న ప్రశ్నలకు 0 నుంచి 3 మార్కులు పెట్టుకోండి: ప్రయత్నానికి 1, ఒక క్రమంలో లెక్కపెట్టినందుకు 2, ఎందుకో చెప్పగలిగితే 3. ప్రశ్నకు సరైన జవాబే ఉండాలన్న పట్టింపు ఇక్కడ వద్దు.

రెండోది టీచర్ల పరిశీలన. "మీ క్లాసులో తెలివైనవాళ్లు ఎవరు?" అని అడిగితే మొదటి బెంచీ పేర్లు వస్తాయి. పనుల పేరు చెప్పి అడగాలి. ఒకసారి చెబితే పట్టుకునేది ఎవరు? బోర్డు మీద తప్పు పడితే ముందు చూసేది ఎవరు? పుస్తకంలో లేని పద్ధతిలో లెక్క చేసేది ఎవరు? పని తొందరగా ముగించి అల్లరి చేసేది ఎవరు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే పేర్లను కొట్టేయకండి. విసుగు పుట్టిన చురుకుదనం బయటికి అల్లరిగానే కనిపిస్తుంది.

మూడోది తోటి పిల్లలు. చీటీల మీద పేరు లేకుండా రాయించండి. లెక్క సమజ్ కాకపోతే సార్ కన్నా ముందు ఎవర్ని అడుగుతవ్? ఆటలో కొత్త రూలు ఎవరు కనిపెడ్తరు? సైకిలు చైను పడ్డా, ఫ్యాను తిరగకపోయినా ఎవర్ని పిలుస్తరు? టీచర్లకు తెలియని పేర్లు ఈ చీటీల్లోనే ఎక్కువగా వస్తాయి. మాట్లాడని ఆడపిల్లలు, చదవడం సరిగ్గా రాకపోయినా నోటిలెక్కలో మెరుపులాంటి పిల్లలు ముఖ్యంగా. అక్షరాలు తిరగేసే, చదవడానికి తడబడే పిల్లాడు ప్రతిభావంతుడూ కావచ్చు. అట్లాంటి వాడికి చదవడంలో సాయమూ కావాలి, కష్టమైన లెక్కలూ కావాలి. ఒకటి అయ్యాక ఇంకొకటి అనుకుంటే రెండూ కావు.

నాలుగోది ఇల్లు. తల్లిదండ్రుల మీటింగు రోజు అయిదు నిమిషాలు చాలు. "అమ్మా, మీ బిడ్డ ఇంటికాడ ఖాళీ దొరికితే ఏం చేస్తది?" అని అడిగి చూడండి. పాత రేడియో విప్పుతడనో, కిరాణం దుకాణంలో లెక్క తనే చూస్తదనో తెలుస్తుంది.

నాలుగింటినీ ఒక కాగితం మీద నాలుగు గడులుగా రాసుకుంటే, ఏ రెండు గడుల్లోనైనా పేరున్న పిల్లలు జాబితాలోకి వస్తారు. అమెరికా విద్యా పరిశోధకుడు జోసెఫ్ రెన్జుల్లి 1978లో చెప్పిన సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది: సగటును మించిన సామర్థ్యం, సృజన, పట్టిన పని వదలని గుణం, ఈ మూడూ కలిసినచోట ప్రతిభ బయటపడుతుంది. మొదటి ఒకరిద్దరినే ఏరుకోకుండా 15 నుంచి 20 శాతం మందిని తీసుకొమ్మంటాడు. 40 మంది తరగతిలో అంటే 6 నుంచి 8 మంది. పనిలో పెట్టాక ఎవరు నిలబడతారో అదే తేలుతుంది. జాబితాను ఎస్ఏ-1 (అర్ధ సంవత్సర పరీక్ష) తర్వాత ఒకసారి, జూన్‌లో ఒకసారి తిరగరాయండి. చివర్లో ఆడపిల్లలెంతమంది, తండా పిల్లలెంతమంది అని లెక్క చూసుకోండి. తరగతిలో సగం మంది ఆడపిల్లలుండి జాబితాలో ఒక్కరే ఉంటే తప్పు మీ పరీక్షలోనే ఉంది. జాబితాకు "జీనియస్ బ్యాచ్", "టాలెంట్ గ్రూప్" లాంటి పేర్లు పెట్టొద్దు. పేరు పెట్టిన మర్నాడే మిగతా ముప్పై మందికి తామెవరో కూడా తేలిపోతుంది.

సమయం తీయడం

ఇది ఎవరూ చేయని భాగం, అసలు భాగం కూడా ఇదే. వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చేయించకుండా పాఠాన్ని కుదించి ఇవ్వాలి.

ఏడో తరగతి సామాన్య సమీకరణాల పాఠానికి మీ ప్రణాళికలో పది పీరియడ్లు ఉన్నాయనుకోండి. పాఠం మొదలయ్యే ముందురోజు పాఠం చివరి అభ్యాసంలోంచి అన్నిటికన్నా కష్టమైన అయిదు లెక్కలు ఏరి, 15 నిమిషాలిచ్చి చేయించండి. చేయాలనుకున్న ఎవరైనా చేయొచ్చు, జాబితాలో పేరుండాలని లేదు. అయిదింట్లో నాలుగు సరిగ్గా చేసినవాళ్లు ఆ పాఠం అభ్యాసాలన్నీ చేయనవసరం లేదు. మూడు చేసినవాళ్లకు ఏది రాలేదో చూసి, ఆ భాగం చెప్పే పీరియడ్లలో కూర్చోబెట్టండి. మిగతావి వదిలేయండి. పదింట్లో మూడు నాలుగు పీరియడ్లు మిగులుతాయి.

ఒక్కో పిల్లకు ఒక కాగితం, మూడు గడులు: ఏం వచ్చు, ఏం ఇంకా రావాలి, మిగిలిన సమయంలో ఏ పని. కింద టీచరు, పిల్ల ఇద్దరి సంతకాలు. షరతులు కూడా అందులోనే రాయండి. వెనక బెంచీలో పని చేసుకోవాలి. పక్కవాళ్లను కదిలించొద్దు. అనుమానం వస్తే చీటీ మీద రాసి పక్కన పెట్టుకుని, సార్ ఖాళీ అయ్యాక అడగాలి. పాఠం చివరి స్లిప్ టెస్టు అందరితోపాటు రాయాలి. అందులో 80 శాతానికి తగ్గితే తర్వాతి పాఠానికి మళ్లీ మామూలు వరుస. శిక్ష అనిపించేలా మాత్రం చెప్పొద్దు.

ఇక్కడ చెడేవి మూడు.

నోటు పుస్తకం. అభ్యాసం చేయని పేజీలు ఖాళీగా ఉంటే తనిఖీకి వచ్చిన అధికారి అడుగుతారు, టీచరు మాట పడతాడు, మర్నాటి నుంచి పిల్లలందరూ అన్ని లెక్కలూ ఎక్కిస్తారు. కుదింపు చాలా బడుల్లో చచ్చిపోయేది ఇక్కడే. ఖాళీ వదలకుండా ఆ పేజీలో "ముందు పరీక్ష 4/5" అని తేదీ వేసి సంతకం పెట్టి, అయిదు లెక్కల కాగితాన్ని అక్కడే అంటించండి. అడిగినవాళ్లకు అదే జవాబు.

ఎక్కువ పని. పది లెక్కలు తొందరగా చేసిన పిల్లకు ఇంకో ఇరవై అలాంటివే ఇస్తే, రెండోవారానికి ఆ పిల్ల పది లెక్కలు నెమ్మదిగా చేయడం నేర్చుకుంటుంది. అందులో ఆ పిల్ల తప్పేం లేదు.

మూడోది చిన్న పంతులు. "అయిపోయిందా? అయితే పక్కోనికి చెప్పు." మన బడుల్లో ఇది ఎంత అలవాటంటే దీన్నే ప్రతిభకు ప్రోత్సాహం అనుకుంటున్నాం. చెప్పడం వల్ల కొంత నేర్చుకుంటారు, నిజమే. కాని రోజూ అదే పనైతే తనకు రానిది ఏదీ ఆ పిల్ల ఎదుటికి రాదు. వారంలో ఒక పీరియడు మించొద్దు, అదీ పిల్ల ఒప్పుకుంటేనే.

లెక్కల్లో బాగా ముందున్న ఒకరిద్దరికి ఈ కుదింపు సరిపోదు. అప్పుడు ఏడో తరగతి పిల్లను లెక్కల పీరియడుకు మాత్రం ఎనిమిదో తరగతిలో కూర్చోబెట్టడం మంచి దారి. రెండు తరగతుల లెక్కల పీరియడు ఒకే సమయానికి పడేలా టైమ్‌టేబుల్‌ను జూన్‌లోనే సర్దుకోవాలి, మధ్యలో కుదరదు. తరగతినే దాటించే ఆలోచన జోలికి పోకండి. విద్యాహక్కు చట్టం వయసుకు తగిన తరగతి అంటుంది, పదో తరగతి పరీక్షకు వయసు నిబంధన ఉంది. చివర్లో కాగితాల చిక్కు పిల్ల నెత్తిన పడుతుంది.

మిగిలిన సమయంలో పని

వారానికి రెండు పీరియడ్లు కలిపి ఒక క్లబ్బు, మిగిలింది తరగతి వెనక బెంచీలో సొంత పని. క్లబ్బును బడి వేళల్లోనే పెట్టండి. సాయంత్రం బడి వదిలాక పెడితే తండాల నుంచి బస్సులో, ఆటోలో వచ్చే ఆడపిల్లలు మొదటి వారమే మానేస్తారు. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడు బాగా కుదురుతుంది. ఆటల పీరియడును మాత్రం లాక్కోవద్దు.

పని మంచిదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష: టీచరుకు జవాబు ముందే తెలుసా? తెలిస్తే అది అభ్యాసం. మన చుట్టూ తెలియనివి చాలానే ఉన్నాయి. పత్తినే తీసుకోండి.

2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. 8 శాతం తేమ దాకా పూర్తి ధర, ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 శాతం దాటితే సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ) కొనదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకుపోయిన ఇళ్లలో తక్‌పట్టీలు (తూకం, ధర రాసిన రసీదులు) ఉంటాయి, పిల్లలను తెమ్మనండి. మొదటి మెట్టు మామూలు శాతాలే: 12 శాతం తేమకు 4 శాతం కోత పోతే 7,785.60. ఆ తర్వాత అసలు ప్రశ్న వేయండి: 12 శాతం తేమతో 10 క్వింటాళ్లు ఉంది, ఈ రోజే అమ్మాలా, 8 శాతానికి ఎండబెట్టి అమ్మాలా?

పెద్దవాళ్లలో కూడా చాలామంది ఎండబెట్టాలనే అంటారు. లెక్క వేయిస్తే ఇట్లా వస్తుంది. తేమను మొత్తం తూకంలో భాగంగా తీసుకుంటే, 10 క్వింటాళ్లలో ఎండు సరుకు 8.8 క్వింటాళ్లు. ఎండాక ఆ 8.8 మొత్తం తూకంలో 92 శాతం కావాలి. అంటే 8.8ని 0.92తో భాగిస్తే 9.565 క్వింటాళ్లు. ఈ రోజు అమ్మితే 77,856 రూపాయలు, ఎండబెట్టి అమ్మితే దాదాపు 77,574. ధర పెరిగినా తూకం తగ్గి 282 రూపాయలు పోతున్నాయి, ఆరబోసిన కూలి లెక్కలోకే రాలేదు. పిల్లలు చేసే మామూలు తప్పు ఎండాక తూకం 9.6 అనడం: 10లోంచి 4 శాతం తీసేస్తారు. ఎందుకు తప్పో వాళ్లే పట్టుకోవాలి, చెప్పేయకండి. చురుకైన పిల్ల ఇక్కడితో ఆగదు. "మీటరు తేమను దేనిలో శాతంగా చూపిస్తది సార్?" అంటుంది. మంచి ప్రశ్న. ఎండు సరుకులో శాతంగా అయితే 8.93 క్వింటాళ్ల ఎండు సరుకు, ఎండాక 9.64 క్వింటాళ్లు, దాదాపు 78,203 రూపాయలు. జవాబు తిరగబడింది. ఇక మీటరు గురించి తెలుసుకోవడం ఆ పిల్ల పని. 14 శాతం తేమ ఉన్న పత్తి సంగతేంటి? మబ్బు పట్టిన వారంలో? ఒక్క ప్రశ్న మీద నెల గడుస్తుంది.

రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్లమీద తేలేంత తేలిక. దాన్ని పాఠంగా చెప్పొద్దు, "తేలే ఇటుక మీరు చేయగలరా?" అని అడగండి. గుడి రక్షిత కట్టడం, అక్కడి ముక్క ముట్టుకునే పని లేదు. బంకమట్టిలో వరి ఊకను ఘనపరిమాణంలో 0, 15, 30, 45 శాతం కలిపి, ఒక్కో పాలుకు మూడేసి ఇటుకలు సబ్బుపెట్టె అచ్చులో పోయించండి. అగ్గిపెట్టె అచ్చు వాడితే ఇటుక మరీ చిన్నదై, కిరాణం కాటాలో ఒక గ్రాము తేడాకే ఫలితం మారిపోతుంది. నీడలో కనీసం వారం ఆరాలి, ఎండలో పెడితే పగులుతుంది. కాల్పించడం ఇటుక బట్టీ వాళ్లతో, పెద్దవాళ్ల చేతుల మీదుగా. విరిచి చూస్తే మధ్యలో నల్లగా ఉందంటే ఊక పూర్తిగా కాలలేదు. ఘనపరిమాణాన్ని నీళ్లలో ముంచి కొలిస్తే రంధ్రాల్లోకి నీళ్లు పోయి తక్కువ చూపిస్తుంది. అందుకని డబ్బాను జల్లించిన పొడి ఇసుకతో నింపి కొలిచి, ఇటుక పెట్టి మళ్లీ నింపి, మిగిలిన ఇసుకను కొలవండి. ఇసుకను ఒకే ఎత్తు నుంచి, డబ్బాను తట్టకుండా పోయాలి. తడితే కుదించుకుపోయి లెక్క తప్పుతుంది. 45 శాతం ఇటుక పట్టుకుంటేనే రాలిపోతే అదీ ఫలితమే. తేలికకూ బలానికీ మధ్య బేరం ఎక్కడ తెగుతుందో పిల్లలే రాయాలి.

భాష, కళల వైపున్న పిల్లలకు వరంగల్ దర్రీలు (చేనేత తివాచీలు) మంచి పని. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తవాడ మగ్గాల దగ్గర ఒక దర్రీ డిజైనును గ్రాఫు కాగితం మీదికి ఎక్కించి, మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న ముక్క ఏదో పట్టుకోవడం, తర్వాత మూడు రంగులతో సొంత డిజైను. ఊరి చెరువు పేర్లు, తూముల కథలు, తండా పాటలు పోగుచేసి రాయించడం కూడా పనే. ప్రతిభ అంటే లెక్కలొక్కటే అని జాబితా తయారైతే సగం మంది మిగిలిపోతారు.

డబ్బు సంగతి చిన్నది. సమగ్ర శిక్ష కింద వచ్చే స్కూలు గ్రాంటు 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000. గ్రాఫు పుస్తకాలు, ఒక ఎలక్ట్రానిక్ కాటా, థర్మామీటర్లు అందులోంచి కొంతలో సరిపోతాయి. గ్రంథాలయ గ్రాంటుతో గైడ్లు మాత్రం కొనొద్దు.

పరీక్షలు, స్కాలర్‌షిప్పులు

వీటినే అసలు పని అనుకోకుండా, దాని పక్కన నడిచే కాగితాల పనిగా చూడండి. కాని కాగితం తప్పితే పిల్ల నష్టపోతుంది.

ఎన్ఎంఎంఎస్: ఎనిమిదో తరగతిలో రాస్తారు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 3,50,000 మించొద్దు. ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. వచ్చినవారికి 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000. మ్యాట్ (మేధాశక్తి పేపరు) 90 ప్రశ్నలు, శాట్ (పాఠ్యాంశాల పేపరు) 90 ప్రశ్నలు, ఒక్కోదానికి 90 నిమిషాలు. శాట్‌లో సైన్సు 35, సోషల్ 35, గణితం 20. కోచింగ్ అంతా మ్యాట్ మీదే పెట్టి, ఏడో తరగతి సోషల్ తిరగేయకుండా పంపడం మామూలుగా జరిగే తప్పు. పాసు మార్కు రెండు పేపర్లు కలిపి 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 32. క్లబ్బులో రెండేళ్లు ఆలోచించిన పిల్లలకు మ్యాట్ కోసం ఆరు వారాలు, ఓఎంఆర్ (గుండ్రటి గడులు నింపే జవాబు పత్రం) మీద నాలుగు పూర్తి పరీక్షలు చాలు. ఆ గడులు చివర్లో ఒకేసారి నింపొద్దు, పది ప్రశ్నలకోసారి నింపడం అలవాటు చేయించండి.

డబ్బు రాకపోవడానికి కారణం ఎక్కువగా పరీక్ష తర్వాతే ఉంటుంది. ఆధార్‌లో, బడి రికార్డులో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకే తీరు లేకపోవడం. తొమ్మిదిలో నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయకపోవడం. తర్వాత ఏటా రెన్యువల్ మరిచిపోవడం. పదిలో 60 శాతం రాకపోతే ఇంటర్‌లో ఆగిపోతుంది. దీనిలోనూ ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. ఏడో తరగతి వేసవిలోనే పేర్లు సరిచేయించండి, ఆదాయ ధ్రువపత్రం మీసేవలో పెట్టించండి.

నవోదయ పరీక్ష ఐదో తరగతి పిల్లలకు, ఒక్కసారే అవకాశం. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. మేధాశక్తికి 40 ప్రశ్నలు, అంకగణితానికి 20, భాషకు 20. 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు. ఉమ్మడి వరంగల్‌కు మామునూరులో, కరీంనగర్‌కు చొప్పదండిలో నవోదయలున్నాయి. నాలుగో తరగతిలో గురుకులాల ప్రవేశ పరీక్ష ఉంటుంది: తెలుగు 20, ఇంగ్లిషు 25, గణితం 25, పరిసరాల విజ్ఞానం 20, మేధాశక్తి 10. ప్రాథమిక బడి టీచర్లతో కాంప్లెక్స్ మీటింగులో మాట్లాడి ఈ రెండూ గుర్తుచేయండి. తల్లిదండ్రులకు ఒక మాట ముందే చెప్పాలి: ప్రభుత్వమే భోజనం, వసతి ఇచ్చే గురుకులంలో, నవోదయలో చదివే పిల్లలకు ఎన్ఎంఎంఎస్ అర్హత లేదు. వసతి బడి మంచి చదువు కావచ్చు, కాని ఎంచుకునేటప్పుడు ఇది తెలిసి ఉండాలి.

ఇన్‌స్పైర్ మానక్‌కు (పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే అవార్డు) బడి నుంచి అయిదు ఆలోచనలు పంపొచ్చు. ఎంపికైతే నమూనా కోసం పిల్ల ఖాతాలో 10,000 పడతాయి. ఇంటర్నెట్‌లో దొరికే అగ్నిపర్వతం, ఆటోమేటిక్ వీధిదీపం పంపితే పోటీకి నిలవవు. తమ ఇంటి పనిలోని ఇబ్బందిలోంచి పుట్టినది పంపండి. క్లబ్బు ఏడాదంతా నడిస్తే ఆలోచన కోసం వెతుక్కునే పనుండదు. ఎన్‌టీఎస్‌ఈ (జాతీయ ప్రతిభా అన్వేషణ పరీక్ష) 2021 నుంచి నిలిచిపోయింది, ఆ పేరుతో అమ్మే పుస్తకాలకు డబ్బు పెట్టొద్దు.

ఇంటితో మాట, చేతులు మారే ఫైలు

పిల్ల పేరు జాబితాలోకి వచ్చిందని తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు "మీ బిడ్డ కలెక్టరైతది" అనకండి. "లెక్కల్లో తరగతి కన్నా ముందుంది, కొంచెం కష్టమైన పని ఇస్తున్నాం, పత్తి టైంలో వారానికి ఈ రెండు రోజులైనా బడికి పంపండి" అని రోజులు పేరు పెట్టి చెప్పండి. పేరు బయటికి పొక్కితే ప్రైవేటు బడులు ఉచిత సీటంటూ ఇంటికొస్తాయి. వద్దని చెప్పే అధికారం మనకు లేదు. అక్కడ ఏం అడగాలో మాత్రం చెప్పొచ్చు: ఉచితం ఎన్నేళ్లు, రాతపూర్వకంగా ఇస్తారా, మార్కులు తగ్గితే ఫీజు అడుగుతారా, పుస్తకాలు, బస్సు ఎవరి ఖర్చు.

ఒక్కో పిల్లకు ఒక అట్ట ఫైలు. అందులో పెట్టేవి నాలుగు గడుల కాగితం, పాఠాలవారీ ముందు పరీక్షలు, మూడు గడుల ఒప్పందాలు, చేసిన పనుల్లో పిల్ల ఎంచుకున్న రెండు, ఆధార్, ఆదాయ, బ్యాంకు పత్రాల నకళ్లు. ఫైళ్లు హెచ్ఎం బీరువాలో ఉండాలి, టీచరు బీరువాలో కాదు. పదో తరగతి దాటేటప్పుడు ఫైలు పిల్లకు ఇచ్చేయండి, బాసర ట్రిపుల్ ఐటీ దరఖాస్తుకూ స్కాలర్‌షిప్ రెన్యువల్‌కూ అందులోని కాగితాలే కావాలి. టీచరు బదిలీ అయితే పోయేవాళ్లు ప్రతి ఫైలు పైన ఒక పేజీ రాయాలి: పిల్ల ఇప్పుడు ఏ పని మధ్యలో ఉంది, దేనికి విసుగుపడుతుంది, ఇంట్లో ఎవరితో మాట్లాడితే పని జరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారంలోనే ఆ పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి, సగంలో ఆగిన పనిని ఏ పీరియడులో కొనసాగిస్తారో తేదీ వేసి ఆ పేజీ కిందే రాసుకోవాలి.